పాత రౌటర్‌కి అత్తయ్య పెట్టిన పరీక్ష

మా అత్తయ్య హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆవిడకి దొరికిన మొదటి మొండి స్టూడెంటు మా ఇంట్లో రౌటర్.

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. గుంటూరులో, ప్రత్తిపాడు వెళ్లే రోడ్డు వైపు, మేడ మీద వాటాలో ఉండేవాళ్లం. మా ఆయనకి చీమకుర్తి గ్రానైట్ యూనిట్లో ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవారు. వారమంతా ఇంట్లో నేనూ అత్తయ్యా. నేను స్కూలు పుస్తకాలు టైపు చేసి, పేజీలు కట్టి, విజయవాడలో ఒక ప్రెస్సుకి నెట్లో పంపేదాన్ని. పెద్ద ఫైలు సగం వెళ్లేసరికి రౌటర్ బిగుసుకుపోయేది. లైట్లన్నీ వెలుగుతూనే ఉండేవి, నెట్ మాత్రం ఉండేది కాదు. స్విచ్ తీసి వేస్తే మళ్లీ కాసేపు బుద్ధిగా పనిచేసేది. "మళ్లీ సగమే వచ్చిందమ్మా" అని ప్రెస్సు నుంచి ఫోను వస్తే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఎండాకాలం. మార్కెట్ యార్డుకి మిరపకాయల లారీలు పోతుంటే ఆ ఘాటుకి తుమ్మలేక కిటికీలు మూసుకునేవాళ్లం. గది ఉడికిపోయేది.

"ఈ వేడికే అత్తయ్యా, పాపం అది మాత్రం ఏం చేస్తుంది?" అన్నాను ఒకరోజు.

"వేడికేనని నీకెవరు చెప్పారు?" అన్నారావిడ. "చూస్తే తెలుస్తుందిగా."

తన గదిలో టేబుల్ ఫ్యాను తెచ్చి రౌటర్ ముందు పెట్టారు. తాను విసనకర్రతో విసురుకుంటూ దాని పక్కనే కూర్చునేవారు. అలా కొన్నాళ్లు గడిచాయి. చెయ్యి పెట్టి చూస్తే డబ్బా చల్లగా ఉండేది. అయినా బిగుసుకుపోతూనే ఉంది. పైగా మిట్టమధ్యాహ్నం ఊరికే ఉన్నప్పుడు ఏమీ కావట్లేదు. పొద్దున్న చల్లటి వేళైనా సరే, నేను పెద్ద ఫైలు పంపితే చాలు, ఆగిపోతోంది.

"వేడి కాదమ్మాయ్. పని ఎక్కువైతే లోపల ఏదో నిండిపోతోంది. నీ కంప్యూటర్లో వెతుకు" అన్నారు.

వెతికితే నిజంగానే దొరికింది. రౌటర్లు వాడేవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకునే ఇంగ్లీషు వెబ్‌సైటు ఒకటి కనిపించింది. మా మోడల్ వాడేవాళ్లందరిదీ ఇదే గోల. తప్పు డబ్బాది కాదు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌దట. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. కంపెనీ వాళ్లు ఆ మోడల్ని ఎప్పుడో వదిలేశారు. కానీ ఎక్కడెక్కడి వాళ్లో కలిసి, దాని బదులు వేసుకోవడానికి ఇంకో ఫర్మ్‌వేర్ రాసి ఊరికే ఇస్తున్నారు. ఒకటే భయం. ఎక్కించేటప్పుడు మధ్యలో కరెంటు పోయినా, తప్పు ఫైలు వేసినా, రౌటర్ ఇక లేవదు. "ఇటుక అయిపోయింది" అని రాసుకుంటున్నారు అక్కడ.

ఆ శనివారం మా ఆయన వచ్చాక విషయం చెప్పాను. ఆయన షూ విప్పుతూనే కొట్టిపారేశారు.

"ఎవడో ఊరూ పేరూ తెలియనివాడు రాసింది మనింట్లో ఎక్కించడమేంటి? స్విచ్ తీసి వేసుకుంటూ ఎలాగో నడుస్తోందిగా."

"నడవట్లేదురా. దాన్ని రోజంతా మేమే నడిపిస్తున్నాం" అన్నారు అత్తయ్య.

"అది కాస్తా చచ్చిపోతే?"

"అదే తేల్చుకోవాలి. తొందరేం లేదు."

ఆ తేల్చుకోవడం చూశాక ఆవిడంటే నాకు గౌరవం ఇంకో మెట్టు పెరిగింది. నేనైతే బాగా పనిచేసిందన్నవాళ్ల మాటలే చదివి మురిసిపోయేదాన్ని. అత్తయ్య వాటిని చదవనివ్వలేదు. "బాగుపడ్డవాళ్లు ఏం చేశారో వాళ్లకే సరిగ్గా తెలియదు. పాడుచేసుకున్నవాళ్లవి చదువు" అన్నారు. కుర్చీ నా పక్కకి లాక్కుని, కళ్లజోడు సర్దుకుని వినేవారు. అర్థం కాని మాట వస్తే ఆపించి, అర్థమయ్యేదాకా ముందుకి పోనిచ్చేవారు కాదు. వారం రోజులు మధ్యాహ్నం భోజనాలయ్యాక మాకదే పని.

చదవగా చదవగా తేలిందేమిటంటే, ఒకే మోడల్లో రెండు మూడు రకాలున్నాయి, చాలామంది తమది కాని రకం ఫైలు వేశారు. కొందరికి కరెంటు పోయింది. మరికొందరు ఇంకా పని జరుగుతుండగానే, ఆగిపోయిందనుకుని ప్లగ్ పీకేశారు.

అత్తయ్య రౌటర్‌ని తిరగేశారు. కింద అంటించిన కాగితం మీద అక్షరాలు అరిగిపోయాయి. వాకిట్లో వెలుతురుకి తీసుకెళ్లి, వాలుగా పట్టుకుని, భూతద్దంతో రకం నంబరు పట్టుకున్నారు. నేను దింపి ఉంచుకున్న ఫైలు ఆ రకానిది కాదు! "అమ్మో, ఇదే వేసుంటే!" అన్నాను. ఆవిడ మాత్రం, "ఇప్పుడే తెలిసింది, నయం. సరైనది దింపు" అన్నారంతే.

ఆదివారం మధ్యాహ్నం ముహూర్తం. అప్పటికి మా ఆయన కూడా మెత్తబడ్డారు. కంప్యూటర్‌కున్న చిన్న యూపీఎస్‌లోకే రౌటర్ ప్లగ్ కూడా మార్చారు. పేపర్లో వేసిన కోత వేళ దాటి, కరెంటు వచ్చి నిలబడ్డాక మొదలుపెట్టాం. ఫైలు ఎంచి బటన్ నొక్కాను. ఎంతవరకు ఎక్కిందో చూపే గీత తెర మీద మెల్లగా నిండుతోంది.

సగం దాటిందో లేదో, ఫ్యాను ఆగిపోయింది. యూపీఎస్ కీచుమంటూ మొదలెట్టింది.

"అయిపోయింది" అన్నారు మా ఆయన. "ఆ యూపీఎస్ బ్యాటరీ ఏనాటిదో! ఎంతసేపు ఆగుతుంది?"

"మానిటర్ ఆపెయ్యి" అన్నారు అత్తయ్య నాతో. "ఎక్కువ తినేది అదే."

"సీపీయూ కూడా ఆపనా అత్తయ్యా?"

"వద్దు. ఫైలు పూర్తిగా వెళ్లిందో లేదో మనకి తెలియదుగా."

మానిటర్ ఆపేశాను. ఇక చూడటానికి ఏమీ లేదు. రౌటర్ మీద ఒక్క లైటు మినుకుమినుకుమంటోంది. కాసేపటికి అదీ ఆరిపోయింది. మా ఆయన ఆగలేక ప్లగ్ మీద చెయ్యి వేశారు.

"ఒకసారి తీసి పెడదామమ్మా."

"ఒరేయ్, చెయ్యి తియ్" అన్నారు అత్తయ్య. గట్టిగా అనలేదు. క్లాసులో పరీక్ష జరుగుతుండగా వెనక బెంచీ వైపు చూస్తూ అన్నట్టు అన్నారు. "వాళ్లలో చాలామంది సరిగ్గా ఇక్కడే పీకేశారు. అన్నీ చదివి మనమూ అదే చేస్తామా?"

ఆయన చెయ్యి తీసి, చేతులు వెనక్కి కట్టుకున్నారు. యూపీఎస్ కీచులు అంతకంతకూ దగ్గరదగ్గరగా వస్తున్నాయి. అత్తయ్య మొహంలోకి చూస్తే, పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని కనిపెట్టుకుని ఉన్నట్టున్నారు, అంతే. మాకంటే ముందు ఆవిడే చూశారు.

"వచ్చింది. చూడండి, వచ్చింది."

ముందు ఒక లైటు, తర్వాత అన్నీ. ఎప్పుడూ లేని వరసలో వెలిగాయి. ఇంకాసేపటికి కరెంటు కూడా వచ్చింది. మానిటర్ వేసి చూస్తే, పాత కంపెనీ పేజీ బదులు కొత్త పేజీ. ఆ సాయంత్రమే ఒక పుస్తకం మొత్తం పంపాను. ఎక్కడా ఆగలేదు. మా ఆయన రౌటర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, "అమ్మా, నువ్వు మా యూనిట్‌కి రావాలి, అక్కడ మిషన్లన్నీ ఇలాగే ఉన్నాయి" అన్నారు. ఆవిడ నవ్వి, కాఫీ పెట్టమన్నారు.

మర్నాడు నాచేత ఆ వెబ్‌సైటులో రాయించారు. తానే చెబుతుంటే నేను టైపు చేశాను. ఏ రకం, ఏ ఫైలు, కరెంటు ఎప్పుడు పోయింది, లైట్లు ఆరాక ఏం చేశాం, అన్నీ రికార్డు బుక్కులో ప్రయోగం రాసినట్టు రాయించారు. చివర, 'లైట్లు ఆరిపోయినా ప్లగ్ ముట్టుకోవద్దు, ఓపిక పట్టండి' అని విడిగా ఒక లైను పెట్టించారు.

కొన్నాళ్లకి ఏ దేశం నుంచో ఒకాయన జవాబు రాశాడు. అదే రకం రౌటర్ అట. ప్లగ్ పీకబోయి ఈ లైను గుర్తొచ్చి ఆగాడట. 'చాలా థాంక్స్ సార్' అన్నాడు.

చదివి వినిపిస్తే అత్తయ్య మొహం విప్పారింది. వెంటనే కళ్లజోడు సర్దుకుని నా పక్కన కూర్చున్నారు.

"సంతోషమని రాయి. అలాగే, సార్ కాదు, మేడమ్ అని కూడా రాయి."