అమ్మమ్మ తీసేసి నాయనమ్మ పెట్టండి

ఆ రోజుల్లో అంటే మరీ పాతరోజులేం కావు. రీలు నిమిషం దాటితే ఎవరూ చూడరని అందరం నమ్మిన రోజులు. ఊళ్లో ఏ కుర్రాడిని కదిలించినా, ఒకరి కింద పనిచేసేవాడు జన్మలో పైకి రాడని చెప్పేవాడు. ఆ మాటలు వాళ్లకు నేర్పిన మహానుభావుడి కింద నేను ఉద్యోగం చేసేదాన్ని. కోరుట్లలో పొద్దున్నే బస్సెక్కి జగిత్యాల పోయి, ఆయన వీడియోలు తీసి, కత్తిరించి, అతికించి, ఆయన చెప్పాల్సిన మాటలు కూడా నేనే రాసి, మళ్లీ బస్సెక్కి నిలబడి ఇంటికొచ్చేదాన్ని. ఒకరి కింద పనిచెయ్యొద్దనే మాటను ఒకరి కింద పనిచేస్తూ రాస్తున్నానని నాకు ఒక్కసారైనా తట్టలేదంటే, అప్పటి నా తెలివి ఏపాటిదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆయన్ను ఆఫీసులో అందరం 'కష్టం సారు' అనేవాళ్లం (ఆయన లేనప్పుడే లెండి). ప్రతి వీడియో 'కష్టపడు తమ్మీ' అని మొదలయ్యేది. సెలవు అన్న మాటే తన డిక్షనరీలో లేదనే వీడియోను ఆదివారం తీశాం. అది పూర్తికాగానే ఆయన పడుకోవడానికి ఇంటికి పోయారు, నేను ఎడిటింగుకి కూర్చున్నాను. జీతం ఆలస్యమైందని గొణిగితే 'మనమంతా ఫ్యామిలీ కదమ్మా' అని నవ్వేవారు. ఆఫీసు ఉన్న భవనం వాళ్ల నాన్నది. రెండు రైసుమిల్లులూ వాళ్ల నాన్నవే. ఇంట్లో లిఫ్టు కూడా ఉందని డ్రైవరు చెప్పేవాడు. వీడియోల్లో మాత్రం ఆయన ఇంటిపేరు గాని, వాళ్ల నాన్న మాట గాని వచ్చేవి కావు. సున్నా నుంచి మొదలుపెట్టానని ఆయన చెప్పింది విని, కోరుట్లలో బట్టల షాపులో పనిచేసే మా నాన్న తల ఊపాడు. "సున్నా నుంచే మొదలువెట్టిండు బిడ్డా. గాని దాని ముంగట ఒకటి వాళ్ల నాయిన వెట్టిచ్చిండు."

అప్పుడే నాకు సిరిసిల్ల సంబంధం ఖాయమైంది. వాళ్లకు సొంత సాంచెలున్నాయి (మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు). పిల్లాడు చూడ్డానికి వచ్చినప్పుడు అందరిలా వంటొచ్చా అని అడగలేదు. 'బస్సుల సీటు దొరుకుతదా?' అని అడిగాడు. నా జీవితంలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి అతనే. నాకు అతను తెగ నచ్చేశాడు. ఇక వేరే పిల్లాడిని చూసే ఓపికా, కోరికా నాకు లేవు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే దాన్ని నా చేతులతో నేనే చెడగొట్టుకోబోతున్నాను.

ఒక వీడియో కింద ఎవరో 'అన్నా, నీ చేతి గడియారం అమ్మితే మా ఇల్లు కట్టుకోవచ్చు' అని రాశారు. దానికి వందలమంది లైకు కొట్టారు. సారు వారంపాటు మనిషి కాలేకపోయారు. ఇకనుంచి మనం రిలేటబుల్‌గా ఉండాలన్నారు. అందుకు ఒక పాత పెంకుటిల్లు కావాలి, అందులో ఒక ముసలమ్మ కావాలి. రెండూ మా ఇంట్లో ఉన్నాయని చెయ్యెత్తింది ఎవరంటారు? నేనే. ఎవరూ అడగలేదు, బెదిరించలేదు. మెచ్చుకుంటారని ఆశ.

కారును రెండు వీధుల అవతల ఆపించి, అందులోనే వెలిసిపోయిన చొక్కా తొడుక్కుని, గడియారం తీసి డ్రైవరుకిచ్చి, మా నాన్న పాత చెప్పులు వేసుకుని సారు మా గుమ్మంలోకి నడిచొచ్చారు. మా నాయనమ్మ ఆయన్ను కింది నుంచి మీదికి చూసి, ఈ రిలేటబుల్ అంటే ఏందే అని నన్నడిగింది. చూసేవాళ్లకు మనోడే, మన చుట్టమే అనిపించడమని చెప్పాను. "గంతేనా? చుట్టమైతే అన్నం తినకుండ ఎట్ల పోతడు?" అని పీట వేసి, అన్నంలో పచ్చిపులుసు పోసి ముందు పెట్టింది. నేను కెమెరా ఆన్ చేశాను. సారు ముద్ద కలిపి, రాసిచ్చిన మాట చెప్పారు. "ఈ ఇంట్లనే, మా అమ్మమ్మ చేతి బువ్వ తిని పెరిగిన తమ్మీ." ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అందులో పచ్చిమిరపకాయ ఉంది. కొరికారు. కళ్లవెంట నీళ్లు ధారగా కారిపోతుంటే, ముక్కు ఎర్రబడి మాట రాక ఆయన పైకప్పు వంక చూస్తుంటే, మా నాయనమ్మ నిజంగానే కంగారుపడి వీపు నిమిరింది. నేను చేసిన పనల్లా కెమెరా ఆపకపోవడం. తర్వాత దాన్ని నెమ్మదిగా కదిలేలా చేసి, వెనక వేణువు సంగీతం పెట్టాను. నేను చేసినవాటిలో అంత గొప్ప వీడియో మరొకటి లేదు. ఎన్ని లక్షలమంది ఏడ్చారో నాకే తెలీదు. అందులో సిరిసిల్లలో మా కాబోయే అత్తమ్మ ఒకరు.

మూడోనాడు మధ్యవర్తి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. వాళ్లు ఆలోచనలో పడ్డారట. ఎందుకంటే, వీడియోలో ఉన్నతను మా నాయనమ్మను అమ్మమ్మ అన్నాడు. అంటే ఆమె కూతురి కొడుకు. అంటే మా నాన్నకు మేనల్లుడు, నాకు మేనబావ. అంత పేరున్న మేనబావను ఇంట్లో పెట్టుకుని, సాంచెలు నడుపుకునే వాళ్లకు పిల్లనెందుకిస్తున్నారు? అయితే పిల్లలో లోపముండాలి, లేకపోతే రెండిళ్ల మధ్య తగాదా ఉండాలి. అసలు మేనత్త ఉన్న సంగతే ఎందుకు దాచారు? మా నాయనమ్మకు ఇద్దరూ కొడుకులే. పెద్దాయన భివండిలో ఉంటాడు, రెండో ఆయన మా నాన్న. పుట్టని కూతురిని దాచిపెట్టిందన్న మాట వినేసరికి ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు.

నేను ధైర్యం చేసి సిరిసిల్లకు ఫోను చేశాను. పిల్లాడు నా మాట నమ్మాడు. వాళ్లమ్మే నమ్మడం లేదట, పొద్దస్తమానం ఆ వీడియో చూడ్డం, ఏడవడం. ఫోను ఆమెకిమ్మన్నాను. ఆయన మాకు ఏమీ కాడు, మా ఆఫీసు సారు, అదంతా ఉత్తుత్తి షూటింగు అని ఉన్నదున్నట్టు చెప్పాను. "ఏం కానోడు గట్ల ఏడుస్తడా బిడ్డా?" అందామె. పచ్చిపులుసులో మిరపకాయ కొరికాడని చెప్పాను. ఆమె పెద్దవాళ్లతో నవ్వులాటలు వద్దని మెల్లగా చెప్పి ఫోను పెట్టేసింది. నా పనితనమే నా కొంప ముంచింది. ఇంకాస్త చెత్తగా ఎడిట్ చేసి ఉంటే ఆ రోజే నా పెండ్లి నిలిచేది. ఇంట్లో ఓ మూల కూర్చుని ఆ వేణువును నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఏడ్చాను.

వీడియో తీసెయ్యమని సారును బతిమాలాను. కంటెంటు బాగా పోతోంది, ఇప్పుడెట్లా తీస్తామన్నారు. బతుకులో పైకి రావాలంటే సెంటిమెంట్లు పక్కన పెట్టాలని నాకు బోధించారు కూడా (అది నేను రాసిన మాటే). ఇంటికొచ్చి చెబితే మా నాయనమ్మ తెల్లారి మంచి చీర కట్టుకుని, నాతోపాటే జగిత్యాల బస్సెక్కింది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఆమెను వీడియోలో చూసి ఉన్నారు కాబట్టి లేచి నిలబడి దండాలు పెట్టారు, ఒకమ్మాయి కాళ్లకు మొక్కింది. నాయనమ్మ అందరినీ దీవిస్తూ నేరుగా సారు గదిలోకి పోయి కుర్చీలో కూర్చుంది.

"ఒక్క మాట మార్చు కొడకా. అమ్మమ్మ తీసేసి నాయనమ్మ వెట్టు."

జనం పట్టేస్తారని సారు నసిగారు. మీ అమ్మెవరో నాయినెవరో చెప్పుకోనోడివి, ఎవరు పట్టేస్తరని ఆమె అడిగింది. బ్రాండు, ట్రస్టు అని ఆయన ఏదో మొదలుపెట్టారు. ఆమె ఓపికగా విని, లేచి చీర సర్దుకుంది. "అయితే మీ ఇంటికి తొవ్వ చెప్పు. నువ్వు నా మనుమనివైతే మీ అమ్మ నా బిడ్డే గదా. మొగడు పోయినంక బిడ్డ దగ్గరనే ఉండాలనిపిస్తది. నాల్గు దినాలు ఉండొస్త." సారు వాళ్లమ్మను నేను ఒకసారి దూరం నుంచి చూశాను. పనిమనిషి తన సోఫా అంచుకు ఆనుకుందని ఇల్లంతా కడిగించిన మనిషి. సారు ఆ దృశ్యాన్ని మనసులో ఊహించుకున్నట్టున్నారు. నన్ను పిలిచి కెమెరా పెట్టమన్నారు.

ఆ మనిషి నోటి ధాటిని మెచ్చుకోవాలి. రాసివ్వకుండానే, అమ్మ కంటే ఎక్కువగా పెంచింది కాబట్టి తన నాయనమ్మను ప్రేమతో అమ్మమ్మ అంటానని ఒక్క టేకులో చెప్పేశారు. దానికి మొదటిదానికంటే ఎక్కువ ప్రేమ గుర్తులు వచ్చాయి. ఆయన భివండి పెదనాన్న కొడుకని మధ్యవర్తి సిరిసిల్లలో చెప్పాడు. పెండ్లయి ముప్పై ఏండ్లయినా పిల్లలు లేని మా పెదనాన్న, ఫోనులో ఈ సంగతి విని తనకు గడ్డం వచ్చిన కొడుకు పుట్టాడని నవ్వీ నవ్వీ దగ్గాడు. మేనబావ పోయి అన్న వచ్చాడు. తోడబుట్టినవాళ్లు లేని పిల్లకు అంతటి అన్న ఉన్నాడని మా అత్తమ్మ మురిసిపోయింది. అన్న పెండ్లికి వస్తాడు కదా అని మాత్రం గట్టిగా అడిగింది.

అరగంట ఉండి, ఫోటో దిగి పోదామనే లెక్కతో సారు మెరిసే కుర్తా వేసుకుని కోరుట్ల ఫంక్షన్ హాలుకు వచ్చారు. ఆయనకు తెలియనిదేమిటంటే, మా దిక్కు అమ్మమ్మ ఇంటికొచ్చిన మనవడు మర్యాదకు వస్తాడు, నాయనమ్మ ఇంటి మనవడు పనికి వస్తాడు. నాయనమ్మ ఆయన ఫోను తీసుకుని తన వక్కలసంచిలో వేసుకుంది. మా నాన్న బగార అన్నం బకెట్టు చేతికిచ్చాడు. "అల్లునివే అయ్యుంటే కుర్చేసి కూసోవెడుదుము. కొడుకువైతివి, ఏం చేస్తం" అని భుజం తట్టాడు. మొదటి పంక్తి వడ్డించేసరికే కష్టం సారు చెయ్యి మార్చుకున్నారట. రెండో పంక్తికి నడుం పట్టుకున్నారట. మధ్యలో మటన్‌లో మాంసం లేని బొక్క ముక్కలే వేశారని మగపెండ్లివారి పెద్దాయన అలిగి లేచిపోతే, గేటుదాకా వెంటపడి, చేతులు పట్టుకుని బతిమాలి వెనక్కి తెచ్చింది కూడా ఆయనేనట. ఆ పెద్దాయనకు ఆయన వీడియోలు తెలియవు. 'పొల్లగాడా' అని పిలిచి నీళ్లు తెమ్మన్నాడు. పోయి తెచ్చారు. ఇవన్నీ పీటల మీదున్న నా చెవిన ఆడపిల్లలు ఎప్పటికప్పుడు వేస్తూనే ఉన్నారు. నవ్వు ఆపుకోలేక తల వంచుకుంటే, పెండ్లికూతురికి సిగ్గెక్కువని పేరొచ్చింది.

చివర అప్పగింతలు. పాలల్లో ముంచిన నా చేతులను ఒక్కొక్కరుగా అత్తమ్మ చేతుల్లో పెడుతున్నారు. మా నాన్న పెట్టాడు, అమ్మ పెట్టింది. అన్న ఏడీ అని అత్తమ్మ అడిగింది. కుర్తా మీద మటన్ పులుసు మరకలతో, చెదిరిన జుట్టుతో సారు వచ్చారు. చెల్లెకు ఒక మాట చెప్పమని అత్తమ్మ అంది. ఆయన నా వంక చూశారు. నేనేమీ రాసివ్వలేదు. పొద్దుటి నుంచి ఆయన చేసిన పనికి ఎవరూ లైకు కొట్టలేదు, చప్పట్లు కొట్టలేదు. మా నాన్న ఒక్కడే, ఆయన ఇంకా తినలేదని తెలిసి, పక్కన కూర్చోబెట్టుకుని తన విస్తరితోపాటే ఆయనకూ వేయించాడట. దానివల్లనో మరి దేనివల్లనో, ఆయన అత్తమ్మ వైపు తిరిగారు.

"అత్తమ్మా, నేను వీళ్లకు ఏం కాను."

మా నాన్న కొయ్యబారిపోయాడు. నాయనమ్మ వక్క నమలడం ఆపేసింది. పెండ్లయితే అయింది గాని, అబద్ధాలాడిన ఇంటి పిల్లగా ఇక ఆ ఇంట్లో ఎట్లా బతకాలో నాకు అర్థం కాలేదు. మా అత్తమ్మ పాలచేతులతోనే ఆయన తల దగ్గరికి తీసుకుంది. "గట్లనకు కొడకా. చెల్లెను ఇచ్చినంత మాత్రాన అన్న ఏం కాకుండ పోతడా?"

"కాదత్తమ్మా, నిజంగనే ఏం కాను" అని ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. దాంతో హాలంతా ఏడ్చింది. అలిగిన పెద్దాయన కూడా తువ్వాలు తీశాడు. తన చానల్లో ఎన్నో వందల వీడియోలు చేసిన మనిషి, మొదటిసారి ఉన్నమాట ఉన్నట్టు రెండుసార్లు చెప్పినా, నమ్మినవాళ్లు ఒక్కరు లేరు.

ఇప్పుడాయన హైదరాబాదులో ఉంటున్నారు. ఈమధ్య, పరుగులు మానండి, నెమ్మదిగా బతకండి అని చెబుతున్నారు. ఆ వీడియోలు కత్తిరించే పిల్లలు ఎన్నింటికి ఇల్లు చేరుతున్నారో నాకు తెలియదు. మా అత్తమ్మకు మాత్రం ఆయన మా అన్నే (ఆమె పుస్తకాలు చదవదు, ఆ ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను). మనసు బాగాలేనప్పుడు ఆమె నా పెండ్లి వీడియో పెట్టుకుంటుంది, పక్కన నేనూ కూర్చుంటాను. అప్పగింతల దగ్గర పాలు కారుతున్న చేతులతో ఒక పిల్ల ఏడుస్తూ కనిపిస్తుంది. ఆ హాలులో అసలు సంగతి అందరికంటే బాగా తెలిసిన పిల్ల, అన్నాళ్లూ సారు అనడం తప్ప ఎరగని పిల్ల, నోరంతా తెరిచి 'అన్నా' అని ఏడుస్తుంటుంది. చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆ పిచ్చిపిల్ల అప్పుడు నిజంగానే నమ్మేసింది.