పేరు చదివే ఫోను

కొత్త వినియోగదారుల రక్షణ చట్టం అమల్లోకి వచ్చిన కొద్దికాలానికి నన్ను గోదావరి జిల్లాల్లోని ఒక వినియోగదారుల కమిషన్‌లో సభ్యురాలిగా నియమించారు. అధ్యక్షులు విశ్రాంత జిల్లా జడ్జి. ఆయనతో పాటు ఇద్దరు సభ్యులం. ఎరువు బస్తా దగ్గర్నుంచి బీమా దాకా అన్ని తగాదాలూ మా ముందుకు వచ్చేవి. ఫిర్యాదిదారు లాయరును పెట్టుకోనక్కర్లేదు, తానే వచ్చి చెప్పుకోవచ్చు. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా సొంత జిల్లాలోనే కేసు వేయవచ్చు.

అలా లాయరు లేకుండా వచ్చినవారు వెంకటరత్నం గారు. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారి. ఆయన ఫోను, ఎవరైనా కాల్ చేస్తే వాళ్ల పేరును, సందేశం వస్తే ఆ సందేశాన్ని తెలుగులో పైకి చదివేది. ఒక అప్‌డేట్ తర్వాత చదవడం మానేసింది. ఆ సౌకర్యం మళ్లీ ఇప్పించాలన్నదే ఆయన కోరిక. నష్టపరిహారం అడగలేదు.

ప్రతివాదికి, అంటే ఫోను కంపెనీకి, నోటీసు పంపాం. గడువులోపే జవాబు దాఖలైంది. అలా చదివే పద్ధతి మీద మరో కంపెనీకి పేటెంటు ఉంది. కొత్త పద్ధతి కనిపెట్టినవారు, కొంతకాలం దాన్ని ఇతరులు వాడకుండా ఆపగల హక్కు అది. ఆ కంపెనీ హైకోర్టులో దావా వేసింది, రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. రాజీ ప్రకారం, అప్పటికే అమ్మిన ఫోన్లలోంచి కూడా ఆ సౌకర్యం తీసేశారు. అప్‌డేట్‌కు ఫిర్యాదిదారే అంగీకారం తెలిపారని జవాబు చివర రాశారు.

అధ్యక్షులు అడిగితే వెంకటరత్నం గారు కాదనలేదు.

"నొక్కానండి. ముఖ్యమైన అప్‌డేట్ వచ్చిందని ఆ గొంతే చదివిందండి. ఎప్పుడూ తప్పు చెప్పలేదు కదాని నొక్కేశాను."

ఆ సౌకర్యం పోతే వ్యాపారానికి వచ్చిన ఇబ్బందేమిటని నేను అడిగాను. వెంట వచ్చిన గుమస్తా సత్యం చెప్పాడు.

"మా బజార్లో ఫోనెత్తగానే అవతలివాళ్లని పేరుపెట్టి పలకరించాలండి. 'ఎవరండీ' అన్నామంటే వాళ్ల నంబరు మన ఫోన్లోంచి తీసేసినట్టే లెక్క. మొన్న ఒక పాత రైతుని మా షావుకారు అలాగే అడిగేశారు. 'ఎవరో ఒకర్లెండి' అని పెట్టేశాడండి. కాయంతా పక్క కొట్టుకి పోయింది. అంతకుముందు ఆ ఫోను పేరు చెప్పిందంటే, పడనివాళ్లయినా సరే ఈయన నవ్వుమొహం పెట్టుకునే ఎత్తేవారండి."

హాల్లో కొందరు నవ్వారు. వెంకటరత్నం గారు కూడా నవ్వారు.

కంపెనీ తరఫు లాయరు లేచాడు. "పేరు తెరమీద పడుతూనే ఉంది కదండీ. చూసుకుని ఎత్తడానికి ఈయనకు ఇబ్బందేంటి?"

అడగకూడని ప్రశ్న కాదు. నష్టం జరిగిందని రుజువు చేయాల్సిన బాధ్యత ఫిర్యాదిదారుదే. వెంకటరత్నం గారు తల కొంచెం వెనక్కి తిప్పి, హాల్లో ఎవరెవరున్నారని సత్యాన్ని అడిగారు. సత్యం ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆ రోజు వేరే కేసు కోసం వచ్చిన అంబాజీపేట వ్యాపారులు ఇద్దరు వెనక బెంచీలో ఉన్నారని మాకు తర్వాత తెలిసింది.

"తెర కనబడదు బాబూ," అన్నారాయన లాయరుతో. "తెరే కాదు, నువ్వూ కనబడవు. చూపులేని షావుకారని తెలిస్తే రాశిలో చిన్న కాయ కలిపేస్తారని ఇన్నాళ్లూ దాచుకున్నాను. ఇప్పుడు చెప్పేశాను కదా. ఇక ఆ గొంతు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే."

హాలు ఖాళీ చేయించి ఆంతరంగికంగా విచారించమని అడగవచ్చని ఆయనకు తెలియదు. ఆయన కళ్ల సంగతి మాకు తెలియదు.

మా ఉత్తర్వు ఆయనకు అనుకూలంగానే వచ్చింది. ఏం తీసేస్తున్నారో చెప్పకుండా తీసుకున్న అంగీకారం అంగీకారం కాదనీ, అది అనుచిత వ్యాపార పద్ధతి అనీ రాశాం. ఫోను ధర, ఖర్చులు చెల్లించమన్నాం. సౌకర్యాన్ని తిరిగి ఇమ్మని మాత్రం రాయలేకపోయాం. హైకోర్టులో నమోదైన రాజీకి విరుద్ధంగా ఆదేశించే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు.

ఉత్తర్వు కాపీ కోసం సత్యం ఒక్కడే వచ్చాడు. షావుకారు ఎలా ఉన్నారని అడిగాను. "కొట్టు తమ్ముడుగారి అబ్బాయికి అప్పజెప్పేశారండి. రోజూ వచ్చి కూర్చుంటారు. ఫోను మోగితే ఆ అబ్బాయే ఎత్తుతాడు," అన్నాడు.

వెంకటరత్నం గారు పోయారని ఈ మధ్యే తెలిసింది. కొబ్బరి వ్యాపారం గురించి ఆయన్ని అడగాల్సినవి చాలా ఉండిపోయాయి.

పేటెంటు తగాదాలో కోర్టుకు కనిపించేవి రెండు పక్షాలే. ఫోను కొన్నవారు మూడో పక్షం. రాజీ కుదిరేటప్పుడు వారిని ఎవరూ పిలవరు. తర్వాత వారు మా దగ్గరకు వస్తే, తమకు ఏం పోయిందో నలుగురిలో రుజువు చేసుకోవాలి. ఆ రుజువుకు మేము కట్టగలిగిన వెల ఫోను ధర.