మైకులో చేసిన ప్రార్థన

హృదయాలను పరిశోధించే ప్రభువుకు స్తోత్రం. నోరు తెరవకముందే మనసులోని మాట వినే తండ్రికి స్తోత్రం. నన్ను గద్దించి కూడా విడిచిపెట్టని ఆయన కృపకే మహిమ.

తిరువొత్తియూరులోని మా తెలుగు సంఘంలో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతుంది. చివర్లో మైకు నా చేతికిచ్చేవారు. నేను ప్రార్థిస్తే రాయైనా కరుగుతుందని తోటి సహోదరీలు అనేవారు. ఆ మాట నాకెంత తియ్యగా ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది.

ఒక గురువారం సంఘంలోని చిన్నామె ఒకతె మా ఇంటికి వచ్చింది. జాకెట్టు చెయ్యి పైకి జరిపి కమిలిన చోటు చూపించింది. భర్తకు అంబత్తూరులో ఫ్యాక్టరీ పని. తాగి వచ్చిన ప్రతి రోజూ ఇంతేనంది.

"ఎవురికీ చెప్పబాకక్కా. తెలిసిందంటే నన్ను బతకనీడు."

"నాకూ దేవుడికీ తప్ప ఎవురికీ తెలీదులేమ్మా," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మరునాడు మైకు పట్టుకోగానే ఆమె గురించిన భారం ముంచుకొచ్చింది. పేరు ఎత్తలేదు. "ప్రభువా, అంబత్తూరు నుంచి తాగి వచ్చి మా సహోదరి మీద లేస్తున్న ఆ చేతిని ఆపు!" అని గొంతెత్తాను. అందరూ ఆమేన్ అన్నారు. మా స్పీకరు వీధివైపు తిరిగి ఉంటుంది. ఎదురుగా మగవాళ్లు చేరే టీకొట్టు. మా సంఘం ఆడవాళ్ల భర్తల్లో అంబత్తూరు వెళ్లేవాడు ఒక్కడే. నేను కళ్లు తెరిచేసరికి ఆమె కూర్చున్న చాప మీద బైబిలు మాత్రమే మిగిలి ఉంది.

రెండు ఆదివారాలు ఆమె రాలేదు. ఆ బైబిలు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. భర్తే తలుపు తీశాడు.

"రామ్మా రా. మైకు తేలేదా? ఈడ స్పీకరు కూడా లేదే, ఎట్ట చేస్తావు ప్రార్థన?" అని నవ్వాడు. ఆ పూట అతను తాగి లేడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పొయ్యి ముందున్న ఆమె ఇటు తిరగలేదు. కొంగు చెంప మీదికి లాక్కుని ఉంది. ఇంతలో సెల్లు మోగి అతను వాకిట్లోకి వెళ్లాడు. చూపు మాత్రం మా మీదే ఉంచాడు.

"తప్పు చేశాను తల్లీ, క్షమించు," అన్నాను. అలవాటుగా నా చెయ్యి ఆమె తల మీదికి లేచింది. ఆమె పట్టుకుని ఆపేసింది.

"వద్దక్కా. నాకోసరం ఇంక నోరు తెరవబాక."

బైబిలు ఇవ్వబోయాను.

"నీ దెగ్గిరే పెట్టుకో. ఈడుంటే చించేస్తాడు. నేనే వస్తా, తీసుకునేదానికి."

ఎప్పుడని అడిగేలోగా అతను లోపలికి వచ్చాడు.

ఆ వారం మైకు తిరిగి ఇచ్చేశాను. నేను భారం అనుకున్నదానిలో సగం నా గొంతు మీది మోజేనని సంఘం ముందు ఒప్పుకున్నాను. ఆమె సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఇంటికొచ్చి మౌనంగా మోకరించడం కొత్తగా నేర్చుకుంటున్నాను. బైబిలు మా గుమ్మం పక్క అలమరలో ఉంది. గేటుకు గడియ వేయడం మానేశాను. వీధిలో అడుగుల చప్పుడైతే లేచి చూస్తాను. ఆమె ఇంకా రాలేదు.

చదువుతున్న ప్రియులారా, ఇప్పుడే నాతో కలిసి తల వంచండి. ఆమె ప్రాణంతో ఆ గేటు దాటి రావాలని ప్రార్థించండి. గొంతెత్తకండి, ఎవరికీ చెప్పకండి. ఆమె ఎవరో ఆయనకు తెలుసు.