రెండు పెనాల ఇల్లు

అమెరికాలోని ఆర్కాన్సాలో మా ఊరి బడి వంటింట్లో ఒడెస్సా ప్రూయిట్ ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. ఊళ్ళో సగం మంది ఆమె చేతి వంట తిని పెరిగినవాళ్ళే. మోకాళ్ళు మొరాయించాక మానేసింది. వచ్చే పింఛను ఇంటి అద్దెకీ కరెంటుకీ సరిపోయేది. ఇంట్లోకి గుడ్లూ బీన్సూ రావాలంటే ప్రభుత్వం తిండి సరుకులకని ఇచ్చే కార్డే ఆధారం.

ఆ కార్డంటే ఆమెకు సిగ్గు లేదు గాని, దాన్నిచ్చే ఆఫీసంటే భయం. అది చిన్ననాటి భయం. పంతొమ్మిది వందల అరవైలలో వాళ్ళమ్మకు పిల్లల పేరిట వెల్ఫేర్ సాయం అందేది. ఇంట్లో మగవాడుంటే ఆగిపోయేది. ఆఫీసావిడ చెప్పాపెట్టకుండా వచ్చి మంచాల కింద మగవాళ్ళ బూట్ల కోసం వెతికేది. పని దొరక్క తిరిగొచ్చిన తండ్రి బూట్లను తల్లి పిండి పీపాలో దాచడం ఒడెస్సా కంటపడింది.

"నువ్వేం చూళ్ళేదు," అంది తల్లి. పిల్ల తలూపింది.

తర్వాత ఆ సోదాలు పోయాయి. సరుకులు కొనుక్కునే రంగురంగుల స్టాంపుల పుస్తకాలు వచ్చాయి, మధ్యలో చీజు దిమ్మలు పంచారు, తొంభైలలో పనిచేస్తేనే సాయమన్నారు, చివరికి స్టాంపులు పోయి కార్డు మిగిలింది. భయం మాత్రం పాతదే.

కిందటేడు వరదకు ఇల్లు పోయి అక్క లర్లీన్ ఆమె దగ్గరికి చేరింది. అక్కకు భర్త తాలూకు రైల్వే పింఛను ఉంది. కార్డు పొడిగించే సమయం వచ్చి, ఆఫీసు నుంచి ఓ అమ్మాయి ఫోను చేసింది.

"మీరూ మీ అక్కా కలిసే తింటారా?"

"తినక? మా అక్కని బల్ల దగ్గర్నుంచి లేపేస్తానా?" అంది ఒడెస్సా, చిన్నబుచ్చుకుని.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ఇద్దరిదీ ఒకటే సంసారం, అక్క పింఛను కలిపితే ఆదాయం హద్దు దాటింది, కార్డు రద్దు.

లైబ్రరీలో ఇన్నేళ్ళూ ఊరివాళ్ళ ఫారాలు నింపిపెట్టినదాన్ని కాబట్టి ఆ ఉత్తరం నా దగ్గరికి వచ్చింది. నాకు డెబ్భై నిండినా ఒడెస్సాకు నేను లైబ్రరీ పిల్లనే.

"చూడవే లైబ్రరీ పిల్లా, నిజం చెప్తే ఇలా చేస్తారా?"

"ఎక్కడ తింటారో వాళ్ళకక్కర్లేదు ఒడెస్సా. సరుకులు కలిసి కొంటారా, కలిసి వండుకుంటారా అన్నదే లెక్క. మీది వేరు కుంపటా, కాదా?"

"వేరే. ఆవిడ పొయ్యి దగ్గరుంటే నేను వంటింటి గుమ్మం తొక్కను."

అప్పీలు రాశాం. విచారణ ఫోన్లోనే. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. అధికారి ప్రమాణం చేయించి లర్లీన్‌ని అడిగాడు.

"చెల్లెలు వండింది మీరు తింటారా అమ్మా?"

"ఇది మొక్కజొన్న రొట్టెలో చక్కెర వేస్తుంది బాబూ. దాన్ని కేకంటారు. నేను ముట్టను."

"ఆవిడ చేసేదాంతో గోడ కట్టుకోవచ్చు," అంది ఒడెస్సా.

"అయితే పెనాలు రెండా?"

"రెండు. అమ్మ పెనం నాది. అమ్మ నాకిచ్చింది," అంది ఒడెస్సా.

"ఇవ్వలేదు. నువ్వు పట్టుకుపోయావు."

"మరి సరుకుల సంగతి?" అన్నాడు అధికారి.

"దాని అలమర దానిది, నా అలమర నాది," అంది లర్లీన్. "తాళం వెయ్యలేదంతే."

"మా ఆవిడా చక్కెర వేస్తుంది," అన్నాడాయన చివరికి. "అది మాత్రం తీర్పులో రాయను."

మూడు వారాలకు కార్డు మళ్ళీ పనిచేసింది. ఆ ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. ఒకటే బల్ల, రెండు గిన్నెల బీన్సు, రెండు రొట్టెలు. నేను రెంటిలోనూ ఒక్కో ముక్క తీసుకున్నాను. మంచినీళ్ళకని లర్లీన్ లోపలికి వెళ్ళింది. ఒడెస్సా చటుక్కున అక్క రొట్టె మూల విరిచి, బీన్సు రసంలో అద్ది నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని మెల్లగా నమిలింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నేను.

"నువ్వేం చూళ్ళేదు," అంది.

తలూపాను.