అక్షింతల పురుగు పిల్ల

అక్షింతల పురుగంటే ఎవరికీ కోపం ఉండదు. ఎర్రగా, నల్లచుక్కలతో ముద్దుగా ఉంటుంది కదా మరి. దాని పిల్లనే ఎవరూ గుర్తుపట్టరు. రెక్కలు రాకముందు అది నల్లగా, ఒళ్ళంతా ముళ్ళతో మొసలి పిల్లలా ఉంటుంది. మినుము చేలో ఆకుల రసం పీల్చే పేనుబంకని కడుపారా తిని మనకి మేలు చేసేది ఆ కురూపే.

డెబ్బైలలో నేను బెజవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. కాలేజీ కెమెరా అడిగి తెచ్చుకుని, చిన్నది పెద్దగా కనబడేలా లెన్సు తిరగేసి బిగించి, గన్నవరం దగ్గర మా నాన్న చేలో బోర్లా పడుకుని దాన్ని ఫోటో తీశాను. చీరంతా మట్టికొట్టుకుపోయింది. ఊపిరి వదిలితే చాలు, ఆకు కదిలి ఫోటో చెడిపోయేది. రీలంతా ఖర్చయ్యాక ఒక్కటి కుదిరింది. అంత మంచి ఫోటో మళ్ళీ తీయలేదు.

పటమటలో మా అన్నయ్యకి పురుగుమందుల కొట్టుండేది. కొట్టు కాలెండరుకి ఆ ఫోటో కావాలన్నాడు. "రైతుకి మేలు చేసే పురుగని రాయించు అన్నయ్యా" అని చెప్పి మరీ ఇచ్చాను. జనవరికి కాలెండరు వచ్చింది. నా పురుగు పైన 'మీ పంటకు శత్రువు' అని ఎర్రక్షరాలు, పక్కన మందు డబ్బా. మూలన నా పేరు కూడా వేయించాడు, మహానుభావుడు.

ఒళ్ళు మండిపోయి కొట్టుకెళ్ళి అడిగాను.

"పేనుబంక మొహం చూసి ఎవడు భయపడతాడే? దీనిదైతే రాక్షసి మొహం" అన్నాడు.

"నీ మందుకి పేనుబంక అంతా చావదు. చావకుండా మిగిలినవాటి సంతానానికి ఆ మందు లెక్కే ఉండదు. వాటిని తినేదాన్నేమో నువ్వే చంపిస్తున్నావు."

"అప్పుడు ఇంకో మందు అమ్ముతాలే" అని నవ్వాడు.

నాకు నాన్న గుర్తొచ్చాడు. ఆ ఏడు వరి గాలివానకి పోయింది, ఆయనకి మిగిలిందల్లా ఆ మినుములే. తిన్నగా వెళ్ళి బస్సెక్కాను.

కాలెండరు అప్పటికే వసారా గోడకి వేలాడుతోంది. నాన్న చేలోంచి వచ్చాడు. వేళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి. ఆ పురుగు పిల్ల నలిగితే కారే రసం అదే రంగులో ఉంటుంది.

"నీ ఫోటో చూసే గుర్తుపట్టాను తల్లీ. చేనంతా తిరిగి ఏరి నలిపేశా. ఒక్కటి వదల్లేదు" అన్నాడు. ఆ మొహంలో గర్వం చూశాక చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ నెలలోనే పేనుబంక చేనుని పీల్చి పిప్పి చేసింది. కాలెండరు మాత్రం ఏడాదంతా గోడమీదే ఉంది. తీసేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. "నీ పేరుంది కదా తల్లీ" అన్నాడు.