కత్తి కదిలే దేశం

పై చదువుకని స్కాట్లాండ్ వెళ్ళిన మా చెల్లి, అక్కడో చేపల కొట్లో పార్ట్‌టైమ్ పని అడగడానికి వెళ్ళింది. చేపలు కోయడం వచ్చా అంటే, మాటలు రాకముందే వచ్చని చెప్పిందట. చేపలకంటే ముందు కోతలు కోసిందన్నమాట. అయినా పూర్తిగా అబద్ధం కాదు. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. అమ్మ చేపలమ్ముతుంది. మేమిద్దరం ఆవిడ పక్కన కత్తిపీట ముందు కూర్చునే పెరిగాం.

తీరా చూస్తే ఆ కొట్టాయన దాని చేతికి చాకు ఇచ్చాడు. మాకు కత్తి కదలదు. పీటకు బిగించి నిటారుగా ఉంటుంది. పీటను కాలితో తొక్కిపట్టి, చేపనే రెండు చేతులా కత్తి మీదికి తోస్తాం. మా మహాతల్లి అలవాటు కొద్దీ చాకును బల్ల మీద నిలబెట్టి పట్టుకుని, చేపను దాని మీదికి తోసింది. ఆయన భయపడి చాకు మెల్లగా తీసేసుకుని, నేర్చుకుని శుక్రవారం రమ్మన్నాడు.

స్టూడెంట్ వీసా మీద, కాలేజీ నడిచే రోజుల్లో వారానికి ఇన్ని గంటలే పనిచేయాలని రూలు. ఆ చిన్న ఊళ్ళో కాఫీ షాపువాళ్ళు అప్పటికే వద్దన్నారు. వృద్ధాశ్రమంవాళ్ళు అనుభవం అడిగారు. ఇదీ పోతే మిగిలేది ఊరవతల గోడౌన్లో రాత్రి డ్యూటీ. ఆ దారిన ఒంటరిగా వెళ్ళాలంటే దానికి వణుకు. ఫోన్లో అది ఏడుస్తుంటే నాకు ఆ చాకు మీద ఒళ్ళు మండింది.

అమ్మ మాత్రం వేరే సందేహంలో పడింది.

"కత్తి కదిలితే మరి సేప ఏటి సేస్తాది?"

ఊరికే పడుకుంటుందని చెప్పాను. అమ్మకది వట్టి బద్ధకంగా తోచింది. అయినా వీధి చివర చికెన్ కొట్టుకెళ్ళి ఓ చాకు అడిగి తెచ్చుకుంది.

ఇక రోజూ వీడియో కాల్లో క్లాసులే. అక్కడ హాస్టల్ వంటగదిలో చెల్లి, ఇక్కడ అరుగు మీద అమ్మ. ఫోన్ పట్టుకునే ఉద్యోగం నాది. జీవితమంతా చేపలు కోసిన మనిషి, చాకు పట్టగానే పలక పట్టిన పిల్లయిపోయింది. తొక్కడానికి పీట లేక కాలు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. మొదటి కానాగంత చేప చేయి జారి అరుగు కింద పడితే పిల్లి ఎత్తుకుపోయింది. పక్కింటివాళ్ళు నవ్వినా అమ్మ పట్టించుకోలేదు. రెండు రోజులు తంటాలు పడ్డాక ఏదో కిటుకు చిక్కింది.

"ఒసే గుంటా, ఇటు సూడు. ముల్లు తగిల్నాక దాన్నొదలకు. దాని మీదే కత్తిని తోక కాడికి లాగీ."

చెల్లి లాగింది. ముక్క శుభ్రంగా ఊడి వచ్చింది.

శుక్రవారం అమ్మ బేరాలు కూడా సరిగ్గా ఆడలేదు. సాయంత్రం ఫోన్ వచ్చింది. చెల్లి కోసిన ముక్కను కొట్టాయన తిప్పి చూసి, ఏప్రన్ తెచ్చి ఇచ్చాడట. నాకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి. అమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుని నా దగ్గర ఫోన్ లాక్కుంది.

"అయితే నాను కూడా పాసైనట్టేనేటే?" అని అడిగింది.