చెయ్యెత్తమన్న నర్సమ్మ

సోమవారం పొద్దున అనంతపురంలో కాలేజీ గేటు ముందు నిలబడి ఉంటే వదిన ఫోన్ చేసింది. "నర్సమ్మ పోయిందంట పాపా. నిద్రలోనే పోయిందంట." ఫోన్ ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి నాకు తెలియకుండానే పైకి లేచింది. తననే పిలిచాననుకుని ఒక ఆటో వచ్చి ఆగింది. ఆ చెయ్యి ఎందుకు లేచిందో చెప్పాలంటే నేను పుట్టిన రోజు నుంచి మొదలుపెట్టాలి.

శింగనమల దగ్గర మా ఊళ్ళో ఆమె చాలా ఏళ్ళు నర్సు. పేరుపెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుండేది. "జాకెట్లు కుడతావా నర్సమ్మా?" అని మగవాళ్ళు ఎగతాళి చేస్తే, "మీ నోళ్ళు కుట్టనీకి పెట్టుకున్యాలేప్పా" అనేది. ఆ టేపుతో కడుపులు కొలిచేది.

అమ్మ నన్ను మోస్తున్నప్పుడు ఆ కడుపు చూసి ఊరంతా మెచ్చుకుందట. వాన కోసం మొగులు చూసే సీమ మాది. బక్కబిడ్డలు పుట్టడం అలవాటైన ఊరు. పెద్ద కడుపంటే పంట పండినట్టే లెక్క. మా జేజి, అంటే నాయనకు అమ్మ, పూటపూటా నెయ్యన్నం, బెల్లం, అరటిపండ్లు దగ్గరుండి తినిపించింది. అమ్మకు ఊరికే దప్పికయ్యేది. ఎండలకే అనుకున్నారు. రక్తంలో చక్కెర చూడాలని ఎవరికీ తోచలేదు, నర్సమ్మతో సహా.

కాన్పు ఊరి సబ్‌సెంటర్లో. తల బయటికి వచ్చింది, భుజం లోపల ఇరుక్కుంది. నర్సమ్మ జేజినీ ఆయానూ పిలిచి, "మోకాళ్ళు రెండూ రొమ్ముకు ఆనిచ్చి పట్టుకోండి, వదల్లాకండి!" అని అరిచిందట. పొత్తికడుపు మీద అదిమించి నన్ను బయటికి తీసింది. నీలంగా ఉన్నానట. రుద్దగా రుద్దగా ఏడ్చాను.

నాలుగు కిలోల ఆరువందల గ్రాములు. మా ఇంట్లో బిడ్డ ఎంత తూగితే అంత బెల్లం పంచడం ఆచారం. శెనక్కాయలు తూచే కాటా తెప్పించి, "ఇంత బిడ్డ మీ ఇండ్లల్లో యాడన్నా పుట్టిందా?" అంటూ జేజి వీధంతా పంచింది. అందరూ నా తూకం చూశారు. నర్సమ్మ ఒక్కతే నా కుడిచెయ్యి చూసింది. అది పక్కన పడి ఉంది. కదల్లేదు.

భుజం ఇరుక్కున్నప్పుడు చేతి నరాలు సాగాయని చెప్పి, అనంతపురంలో డాక్టరు వ్యాయామాలు చూపించారు. వాటిని రోజూ చేయించింది మాత్రం ఆమే. డ్యూటీకి పోయే ముందు మా ఇంటికి వచ్చి, చెయ్యి మెల్లగా ఎత్తి దించేది. నేను నడక నేర్చాక అది ఆజ్ఞ అయింది. అంగడి ముందు, బడి దగ్గర, పెళ్ళి భోజనాల పంక్తిలో, యాడ కనపడినా ఒకటే మాట: "చెయ్యెత్తు పాపా!" ఒకసారి రోడ్డు అవతలి నుంచి అరిచింది. ఎత్తాను. రాప్తాడు పోయే బస్సు ఆగింది. "ఎక్కుతావా లేదా?" అని కండక్టరు తిడుతుంటే, ఆమె మాత్రం "చెవి దాటింది! చెవి దాటింది!" అని గంతేసింది. ఇప్పటికీ మోచెయ్యి పూర్తిగా సాగదు. కానీ జడ నేనే వేసుకుంటాను, స్కూటీ నేనే నడుపుతాను.

నాకు ఆరేళ్ళప్పుడు ఆమె ఏదో ట్రైనింగుకు పోయింది. తిరిగి వచ్చి, తన ఇంటికి కూడా పోకుండా మా ఇంటికి వచ్చి అమ్మను రక్తపరీక్షకు తీసుకుపోయింది. చక్కెర ఉంది. ఆ రోజు జేజికి చెప్పిన మాట అమ్మ ఇప్పటికీ చెబుతుంది. "శెనక్కాయ చేనుకు యూరియా ఎక్కువైతే ఏమైతాది పెద్దమ్మా? ఆకు ఏపుగా పెరుగుతాది, కాయ పట్టదు. తల్లి నెత్తురులో చక్కెర ఎక్కువైనా అంతే. బిడ్డ కొవ్వు పట్టి లావైతాది, బలం రాదు." పెద్ద బిడ్డలందరూ చక్కెర వల్లే పుట్టరనీ చెప్పేది. తల్లిదండ్రులు భారీ మనుషులైనా, నెలలు మీరినా బిడ్డ పెద్దది కావచ్చు. "ఏదీ చూడకుండా సంబరపడేదే తప్పు" అనేది.

ఆ తప్పులో తన పాలూ ఉందని ఆమె మరిచిపోలేదు. ఒకసారి నా స్కూటీ వెనక కూర్చుని, నేను అడగకుండానే అంది: "ఆ పొద్దు నీ పానం దొరికింది పాపా, చెయ్యి జారిపాయ. ఇంగ మీ ఇంట్లో జారనియ్యను."

పోయినేడు వదిన కడుపుతో ఉంది. ఆరో నెలలో, రిటైరైన నర్సమ్మ తానే వెంటబెట్టుకుని పోయి గ్లూకోజు నీళ్ళు తాగించి పరీక్ష చేయించింది. చక్కెర తేలింది. జేజి మండిపడింది. "కడుపునిండా తినే దినాలు ఇప్పుడొచ్చినాయి. తినొద్దంటావేమే?"

"తినొద్దన్లేదు పెద్దమ్మా. సంగటి ఒక ముద్ద, పప్పు, ఆకుకూర, గుడ్డు, అన్నీ తిననీ. ఆ మామిడిపండ్ల గంప మాత్రం మా ఇంటికి పంపు."

గంప నిజంగానే తీసుకుపోయింది. మూడు నెలలపాటు, తిన్న ప్రతిసారీ వదినను నడిపించింది. వేలు పొడిచి చక్కెర చూసింది. టేపుతో కడుపు కొలిచింది. ఆమె పెదవులు కొలత చదువుతుంటే నేను నా భుజం పట్టుకుని నిలబడేదాన్ని.

కాన్పు అనంతపురం పెద్దాసుపత్రిలో అయింది. మగబిడ్డ. మూడు కిలోల రెండువందలు. చక్కెర తల్లి బిడ్డకు పుట్టగానే చక్కెర పడిపోవచ్చని, పాలు పట్టిందాకా నర్సమ్మ ఊరుకోలేదు. జేజి మొహం ముడుచుకుంది. "ఇంతేనా? నా మనవరాలు ఎంతుండె!"

"బిడ్డ సంతలో పొట్టేలా, తూకం అడగనీకి? చేతులు చూడు!"

తొట్టి పక్కన ఒక్కసారి చప్పట్లు కొట్టింది. వాడు ఉలిక్కిపడ్డాడు. రెండు చేతులూ ఒక్కసారే, ఒకే ఎత్తున, గాలిలోకి ఎగిశాయి. ఆమె జేజిని చూడలేదు, నన్ను చూసింది. కళ్ళనిండా నీళ్ళు, నోరంతా నవ్వు. "జారలేదు పాపా," అంది.

ఆ వారం మా వీధిలో బెల్లానికి బదులు మూడు కిలోల రెండువందల ఉడికించిన శెనక్కాయలు పంచారు. పంచింది జేజే. అడిగినవాళ్ళందరికీ యూరియా కథ తన సొంత కథలా చెప్పింది. తర్వాత ఇంకో రెండిళ్ళలో కోడళ్ళను ఆరో నెల రాగానే అత్తలే పరీక్షకు పిలుచుకుపోయారు.

సోమవారం మధ్యాహ్నానికి ఊరు చేరాను. ఆమె ఇంటి ముందు మనుషులు పట్టలేదు. చాలామంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. జేజి పదకొండు నెలల మునిమనవణ్ణి చంకనెత్తుకుని వచ్చింది. రోజూ తనను ఎత్తుకుని "చెయ్యెత్తు" అని ఆడించే మనిషి అలా పడుకోవడం వాడికి అర్థం కాలేదు. చూస్తూ ఉండిపోయాడు. జేజి వాడి చెవి దగ్గర మెల్లగా అంది:

"చెయ్యెత్తు, నాయనా."

పూలదండల మీదుగా రెండు చేతులూ పైకి లేచాయి.